ముందే నిండిన గుండ్రం

ధనుంజయ్ గాడు చేసిన పనే ఇది, వాడు తప్ప ఇంకెవడు చేస్తాడు, సొంత అన్న కొడుకు, పక్కన కూర్చుని, సిన్నాన్నా నీ ఫోన్‌కి నెంబరొచ్చింది సెప్పు అని నవ్వుతూ అడిగి, ఉమ్మడిలో ఉన్న నూతిదరి తోటంతా వాళ్ల నాన్న పేరు మీదికి లాగేశాడు, అని టెక్కలి నుంచి కవిటి పోయే బస్సులో నాగభూషణం కిటికీకి తల ఆనించి పొద్దున్నుంచీ నమిలిన మాటనే మళ్లీ నములుతున్నాడు, పంపకం కాయితమంటే చెరిసగమే కదా అనుకునే ఆ నెంబరు చెప్పాడు తను, తుపాను పడగొట్టిన చోట మళ్లీ మొక్కలు నాటి నూతినీళ్లు కావిడితో మోసింది తనే కదా, అయినా ఆ మాటలో పొద్దున్నటి కారం లేదు, గాజు అదురు దవడలోకి దిగుతుంటే కళ్లు వాటంతటవే మూతపడుతున్నాయి, పలాస దాటేదాకా జీడిపిక్కల పొగ, దాటాక ఎక్కణ్ణుంచో ఉప్పుగాలి, ఆ గాలిలో నీలం చుక్క ఒకటి తేలుతోంది, ఆరదు, కదలదు.

ఆ చుక్కని చూపించింది దరఖాస్తు పెట్టిన ఆన్‌లైన్ సెంటరులోని నీలిమ, తోటంతా అన్న తిరుపతిరావుకే అని రాసిన కాయితంలో తమ్ముడికి అభ్యంతరం లేదని ఎవరు పెట్టారో తేల్చమని మీదపడి అరుద్దామనే వెళ్లాడు తను, ఆ పిల్ల కుర్చీ లాగి కూర్చోబెట్టి ఖాళీ దరఖాస్తు తెరిచింది, సూడండి బాబూ, కుటుంబ పంపకం అని నొక్కుతన్నాను, నొక్కగానే కింద కొత్త ప్రశ్న ఊడిపడింది, మిగతా వాటాదారుకి అభ్యంతరం, పక్కపక్కన రెండు గుండ్రాలు, లేదు, ఉంది, మొదటిదాంట్లో అప్పటికే చుక్క, నానేటీ ముట్టుకోనేదు, అదే వచ్చింది, అంది, చుక్కని ఉంది మీదికి జరిపి, పైన అమ్మకం అని మార్చింది, ప్రశ్నే మాయమైంది, మళ్లీ పంపకం అంది, ప్రశ్న తిరిగొచ్చింది, చుక్క మళ్లీ లేదు మీదే, ఎవలూ పెట్టక్కర్లేదు బాబూ, ఎవలైనా తియ్యాల, తియ్యకపోతే అదే ఉండిపోద్ది, అభ్యంతరం సెప్పే గడువు మొన్నే అయిపోయింది, ఇంక కోర్టుకే ఎల్లాల, అంది.

అదే ఉండిపోద్ది, కొబ్బరి మొవ్వులు వెనక్కి ఈదుతున్నాయి, వదిన త్రిపురసుందరి చేపల పులుసు వడ్డిస్తోంది, తలకాయ అన్న కంచంలో, తోక తన కంచంలో, ఏ ముక్క కావాలని ఒక్కనాడూ అడగలేదు, అలాగని తనంటే కోపమా, కాదు, జ్వరమొస్తే రాత్రంతా కూర్చునేది, తోకలో ముళ్లు ఏరుకుంటూ నిద్రలోకి జారితే, ఇంకా వెనక, చిన్నప్పుడు ఇంట్లో ఉన్న ఒక్క సైకిలూ అన్నని ఎక్కించుకుని హైస్కూలుకి పోతోంది, నువ్వు బడి మానెయ్ అని నాన్న అనలేదు, తెల్లారి చేతికి గునపం ఇచ్చాడు, అంతే, తనూ ఏదీ అనలేదు, గునపం చల్లగా ఉంది, ఇసకనేల మెత్తగా ఉంది.

జేబులో ఫోన్ అదిరింది, ధనుంజయే, సిన్నాన్నా, టెక్కలెల్లినావంట, సెప్తే బండి మీద దించుదును కదా, అంటున్నాడు, గొంతులో బెరుకు లేదు, దాచుకున్నది ఏదీ లేదు, దాని కోసమే చెవి ఒత్తిపెట్టి వెతికాడు తను, నోట్లో దాచుకున్న తిట్లన్నీ ఎటో పోయి, ఆ అభ్యంతరం కాడ సుక్క నువ్వు సూడనేదేట్రా, అని మాత్రం వచ్చింది, ఏ సుక్క, అన్నాడు వాడు, నిజంగానే తెలీక, తర్వాత నవ్వి, నీకేటి అభ్యంతరం ఉంటాది సిన్నాన్నా, అన్నాడు.

బస్సు తోటల్లోకి మళ్లింది, ఎండ ఆకుల సందుల్లోంచి ఒళ్లో పడుతోంది, వాడు మోసం చేసినా బాగుండేది, మోసం చెయ్యాలంటే అవతల ఒక మనిషున్నాడని ముందు తలుచుకోవాలి, అడ్డం తిరుగుతాడేమోనని ఒక పూటైనా జంకాలి, తనని తలుచుకుని అలా జంకినవాడు ఆ ఇంట్లో ఏనాడూ లేడు, అడగాల్సిన మనిషొకడు ఉన్నాడనే ఎవరికీ తోచలేదు, అలా తోచకుండానే పోయింది తన సగం, ఎకరా ముప్పై ఏడు సెంట్లు.