సాలీడు వీపు మీద చుక్క

పిల్లలు పెద్దవాళ్లై ఎవరి చదువుల్లో వాళ్లు పడ్డాక, ఆవిడ జీవశాస్త్రం ఎమ్మెస్సీలో చేరింది. క్లాసులో అందరూ ఆంటీ అనేవారు. గైడు మేడమ్ కూడా ఆవిడకన్నా చిన్నదే. కానీ పని దగ్గర మాత్రం పెద్దా చిన్నా చూసే మనిషి కాదు.

చివరి ఏడాది ప్రాజెక్టుకి ఆవిడ సాలీళ్లను ఎంచుకుంది. గూడు తెంపేస్తే సాలీడు అక్కడే మళ్లీ అల్లుకుంటుందా, చోటు మారుస్తుందా అన్నది ప్రశ్న. కాలేజీ వెనక ఇనుప కంచె నిండా గూళ్లే. పొద్దున్నే వెళ్లి, దారాలు కనబడేలా మెత్తటి పిండి చల్లి, కొలతలు తీసి, కొన్ని తెంపి కొన్ని వదిలేసేది. మర్నాడు చూస్తే తెంపిన చోటల్లా కొత్త గూడు. ఆవిడ సంబరం ఇంతా అంతా కాదు. సాలీడు ఉన్నచోటు వదలదంటూ ఏకంగా ఒక అధ్యాయమే రాసుకెళ్లింది.

మేడమ్ ఓపిగ్గా చివరిదాకా చదివింది.

"బాగా రాశారు. కానీ అల్లింది ఆ సాలీడేనని మీకెలా తెలుసు?"

ఆవిడ రాసిన కాగితాలు సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చేసింది. ఆ సాయంత్రమంతా ఇంట్లో గిన్నెలే మాట్లాడాయి. టైలరింగ్ షాపు మూసి వచ్చిన భర్త, సంగతేమిటని మెల్లగా కదిపాడు. ప్రతి సాలీడు వీపు మీదా రంగు చుక్క పెట్టి మళ్లీ మొదటినుంచీ చేయాలనీ, పలచటి వలగుడ్డ కింద దాన్ని అదిమిపట్టడానికి ఇంకో మనిషి కావాలనీ చెప్పింది.

ఆయనేమో సాలీడు కనబడితే గది ఖాళీ చేసే రకం. అయినా "కళ్లు మూసుకుని పట్టుకుంటాలే" అన్నాడు.

"మూసుకుంటే అది చేతిమీదికి పాకినా తెలీదండీ."

దాంతో కళ్లు తెరిచే పట్టుకున్నాడు. మొదట్లో సాలీడు కదిలినప్పుడల్లా ఆయన పట్టు వదిలేయడంతో రంగంతా వలగుడ్డకే అంటింది. పోనుపోనూ కుదిరింది. తీరా గూళ్లు తెంపి మర్నాడు చూస్తే, చాలా కొత్త గూళ్లలో చుక్క లేని సాలీళ్లు దర్జాగా కూర్చునున్నాయి. పాతవి వెళ్లిపోతే వేరేవి వచ్చి చేరాయన్నమాట. రాసిన అధ్యాయం బుట్టదాఖలైంది. విచిత్రంగా ఆవిడకి బాధ కలగలేదు. తను అనుకున్నదానికన్నా ఇదే బాగుందనిపించింది. ఈసారీ కలం ఆగలేదు.

వైవాలో పరీక్షకుడు అన్నీ అడిగి, వెళ్లిపోయినవి ఎక్కడికి పోయాయన్నాడు.

"తెలీదు సార్. కంచె దాటి నేను వెతకలేదు."

ఆయన తలూపి థీసిస్ మీద సంతకం పెట్టాడు.

బయట భర్త షాపు మూసేసి మరీ కాచుకునున్నాడు. పాసయ్యానని చెప్పగానే ఆయన మొహం చేటంతైంది. "సాలీళ్లని పట్టుకున్నది నేనని అందులో రాశావా?"

"రాశానండీ. 'ఒక సహాయకుడి తోడ్పాటుతో' అని."

"సహాయకుడా!" అని కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. కానీ క్యాంటీన్లో కూర్చుని, కాఫీ సగంలో ఉండగా, ఆ పోయినవి ఎటు పోయాయో చూడాలి కదా, ఆదివారం వెళ్దామా అని అడిగింది ఆయనే.