పనికి వచ్చిన మనిషి

నోట్లో గుండుసూదులు పెట్టుకుని మాట్లాడటం బొత్తాల పిన్నికి అలవాటే. దర్జీ కొట్లో కాజాలు కుట్టీ, బొత్తాలు కుట్టీ ఆ పేరు వచ్చింది; వరస ఏదైనా అందరికీ ఆవిడ పిన్నే. ఇవాళ అద్దె హాలు గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్ళలో పని చేస్తామన్నవాళ్ళ చొక్కాలకీ పైటలకీ నీలం రిబ్బను ముక్కలు గుచ్చుతోంది. మంచినీళ్ళెక్కడ, చెప్పులెక్కడ అని అడగాలంటే చుట్టాలకి ఒక గుర్తుండాలి కదా.

చాలా ఏళ్ళ తర్వాత కుటుంబమంతా ఒకచోట చేరుతోంది. పిలవమన్నది పెద్దాయన, పిన్ని అన్నగారు. పిలవడం వరకే ఆయన వంతు. బల్లలు ఎవరు వేస్తారు, కూరలు ఎవరు తరుగుతారు, అంట్లు ఎవరు తోముతారు అన్నది ఎప్పటిలాగే పిన్ని నెత్తిన పడింది. ఫోనులో అందరూ "మేమున్నాం కదా" అన్నవాళ్ళే. తీరా పొద్దున్నే సగం మందికి నడుం పట్టేసింది.

"నేను అన్నీ చూసుకుంటూ తిరుగుతాను పిన్నీ," అన్నాడు మేనల్లుడు, ఇస్త్రీ నలక్కుండా చేతులు దూరంగా పెట్టుకుని.

"చూసుకో నాయనా. ఆ నీళ్ళ డ్రమ్ము దగ్గర నిలబడి చూసుకో. నిండాక కుళాయి కట్టెయ్."

ఎవరికి ఏ పని చెబితే కాదనలేరో పిన్నికి తెలుసు. మాటలు లేని తోడికోడళ్ళిద్దరికీ ఒకే పొడుగాటి బల్లగుడ్డ ఇచ్చి మడత విప్పమంది. చెరో కొస పట్టుకున్నాక "ఇటు లాగు, అటు లాగు" అనక తప్పలేదు వాళ్ళకి.

అలా రిబ్బన్లు గుచ్చుతూ గుచ్చుతూ ఒక తెల్లచొక్కాకి గుచ్చింది. తల ఎత్తి చూస్తే తెలియని మొహం. అరవై దాటిన మనిషి. ఎండకి కమిలిన మెడ, శుభ్రంగా గీసిన గడ్డం.

"ఏదైనా పని చెప్పండి," అన్నాడు.

అడక్కుండా పని చెప్పమన్న మనిషి పొద్దున్నుంచీ ఇతనొక్కడే. పిన్ని అతన్ని వెనక వంటింట్లోకి పంపించేసింది. ఆ తర్వాత గుర్తొచ్చింది, ఎవరని అడగనే లేదని.

మేనకోడలిని అడిగితే "మా ఆయన వైపు వాళ్ళేమో" అంది. అల్లుణ్ణి అడిగితే "మీ వైపేననుకున్నాను" అన్నాడు. తెలియని సంగతి ఒకటి ఉందంటే దాని కొస దొరికేదాకా పిన్నికి కాళ్ళు నిలవవు. బంగాళాదుంపల బుట్ట చంకన పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళి, అతని ఎదురుగా పీట వాల్చుకుంది.

అతను కంచాలు తుడుస్తున్నాడు. తుడిచిన ప్రతి కంచాన్నీ మొహానికి ఎదురుగా పట్టుకుని, అద్దంలో చూసుకున్నట్టు చూసి, అప్పుడు దొంతిలో పెడుతున్నాడు.

పిన్ని చేతిలో కత్తి ఆగిపోయింది. చిన్నప్పుడు తమ ఇంట్లో అలా చూసే మనిషి ఒక్కతే ఉండేది. "కంచాలు తుడుస్తున్నావా, సింగారించుకుంటున్నావా?" అని అమ్మ రోజూ కేకలేసేది.

"అలా చూడటం ఎవరు నేర్పారండీ?"

"మా ఆవిడ."

"ఆవిడ ఎవరమ్మాయి?"

అతను గుడ్డ పక్కన పెట్టాడు. "మీరు ఆ ఇంటి చిన్నమ్మాయి కదూ. బడిసంచీతో నిచ్చెన కింద నిలబడి, ఎప్పుడైపోతుంది, ఎప్పుడైపోతుంది అని నా ప్రాణం తీసేవారు."

పిన్నికి ముందుగది గోడ కళ్ళముందు నిలిచింది. రంగులు వేయడానికి వచ్చిన కుర్రాడు సగం గోడ వేసి, మధ్యాహ్నం అక్కతో వెళ్ళిపోయాడు. మిగతా సగం వేయించడానికి నాన్నకి మనసొప్పలేదు. ఆ రెండు రంగుల గోడ కిందే పిన్ని బడి మానింది, సూది పట్టింది. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు మొదట గోడ వంకే చూసేవాళ్ళు, తర్వాత కారణం కనుక్కునేవాళ్ళు. తర్వాత అమ్మ మంచాన పడింది, తర్వాత నాన్న. ఆ తర్వాత చూడటానికి వచ్చేవాళ్ళూ లేరు. పిన్ని ఎవరినీ తిట్టుకోలేదు. కాజా కుడుతూ కుడుతూ ఒక్కటే అనుకునేది: అక్క ఇప్పుడు ఏం చేస్తుంటుందో?

అడగాల్సినవి కుప్పలుగా ఉన్నాయి. గొంతులోకి ముందు వచ్చింది మాత్రం చాలా చిన్నది.

"నిద్రలో పళ్ళు నూరడం మానిందా?"

అతను నవ్వాడు. "ఇల్లు మారిన ప్రతిసారీ ముందు పక్కవాటా వాళ్ళకి చెప్పి వచ్చేవాణ్ణి, రాత్రి చప్పుడైతే భయపడకండని."

"పిల్లలు?"

"లేరు. ఒక పిల్లి. దానికి మీ పేరే పెట్టింది."

పిన్నికి కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. దుంప చెక్కు మందంగా తీసేసింది.

"పొద్దుపోవడానికి ఏం చేసేవాళ్ళు?"

"పొద్దుపోవడమా! మొదట్లో నేను నిచ్చెన మీద, తను కింద. ఏడాది తిరక్కుండా తను పైన, నేను కింద. అంచులు గీయడంలో నా చెయ్యి వణికేది, తనది వణికేది కాదు."

అక్క నిచ్చెనెక్కిందా! కుర్చీ ఎక్కాలంటే గోడ పట్టుకునే అక్క! ఇక్కడి సంగతి ఎలా తెలిసిందని అడిగింది పిన్ని. ఈ మధ్య అతను మొహానికి గుడ్డ చుట్టుకుని మేనకోడలి ఇంటికి రంగులు వేయడానికి వెళ్ళాడట. "హాలు దొరికింది గానీ పని చేసే మనుషులే దొరకట్లేదు" అని ఆ పిల్ల ఎవరితోనో ఫోనులో అంటుంటే విన్నాడట.

"మా ఇంట్లో నలుగురూ చేరితే చాకిరీ అంతా నాదీ చెల్లిదీ అని చెప్పేది," అన్నాడు. "అందుకని వచ్చాను."

అక్క ఎందుకు రాలేదన్న ఒక్క ప్రశ్న మాత్రం పిన్ని అడగలేదు. అది నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోతోంది.

భోజనాల వేళకి పెద్దాయన వంటింటి గుమ్మంలోకి వచ్చాడు, వెనక నలుగురైదుగురు. అక్క మాటెత్తితే కంచం ముందు నుంచి లేచిపోయే మనిషి. ఇవాళ లేచాడంటే ఆయనతో పాటు సగం హాలు లేస్తుంది.

"ఈయన ఎవరి తాలూకు?"

మేనకోడలు అల్లుడి వంక చూసింది. అల్లుడు గోడ వంక చూశాడు. బొత్తాల పిన్ని ఒళ్ళో చెక్కు దులుపుకుని లేచి నిలబడింది.

"నా తాలూకు అన్నయ్యా."

ఎవరి చేతిలోనో గరిటె జారి పడింది. ఈ వయసులో ఈవిడకి ఒక తాలూకా! తోడికోడళ్ళిద్దరూ పాత పగ మరిచిపోయి ఒకరినొకరు చూసుకున్నారు.

పెద్దాయన ఆ మనిషి మొహం వంక చూడలేదు. చేతుల వంక చూశాడు. ఎంత కడిగినా పోని తెల్లరంగు గోళ్ళ మొదట్లో పేరుకుని ఉంది. చూసి, పిన్ని వైపు తిరిగాడు.

"నీ తాలూకు మనిషిని వెనక కూర్చోబెడతావుటే? లోపలికి తీసుకురా."

అతను మొహమాటపడుతూ వచ్చి బల్ల చివర కూర్చున్నాడు. కూరగిన్నె చేతులు మారుతూ మారుతూ ఆ చివరికి చేరేదాకా పెద్దాయన తన కంచంలో చెయ్యి పెట్టలేదు.

అందరూ ఫోటోకి సర్దుకుంటుంటే అతను వెళ్తానన్నాడు. పిన్ని బస్సు దాకా వెంట వెళ్ళింది. జనం లేని రోడ్డు, ఎండ దిగుతోంది.

"ఈసారి అక్కని కూడా తీసుకురండి బావగారూ. అన్నయ్య ఏమీ అనడు. చూశారుగా."

అతను బస్సు వచ్చే వైపు తిరిగాడు.

"పోయిన చలికాలం పోయిందమ్మా. నిద్రలోనే. పళ్ళచప్పుడు ఆగిపోయిందేమిటా అని నాకు మెలకువ వచ్చింది."

బస్సు వచ్చింది. అతను ఎక్కి, కిటికీలోంచి చెయ్యి ఊపాడు. పిన్ని కూడా ఊపింది. ఊపుతున్న చెయ్యి దించడం మరిచిపోయి, ఖాళీ రోడ్డు మీద అలాగే కాసేపు నిలబడింది.

తిరిగి వచ్చేసరికి మెట్ల మీద పెద్దాయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"వెళ్ళిపోయాడా?"

"వెళ్ళిపోయాడు."

ఆయన చేతికర్ర కొసతో నేల గీరాడు.

"ఎలా ఉందట అది?"

పిన్ని ఆయన పక్కన కూర్చుంది. చెల్లెలై పుట్టి ఇన్నేళ్ళకి, ఆయన పక్కన అలా కూర్చోవడం ఇదే మొదలు.

"బాగా బతికిందట అన్నయ్యా. నిచ్చెనలెక్కేదట."

బతికింది అన్న మాట ఆయన చెవిన పడింది. తల ఊపాడు. మళ్ళీ ఊపాడు. లోపల ఫోటోకి రమ్మని పిలుస్తున్నారు. ఇద్దరూ లేవలేదు.

చీకటి పడకముందే వంటిల్లు కడిగించి, కిటికీ వెయ్యబోతే గడియకి తెల్లరంగు మరకల గుడ్డసంచీ ఒకటి వేలాడుతోంది. ఎవరిదని అడిగితే ఎవరూ తమదనలేదు. పిన్ని విప్పి చూసింది. లోపల ఒక చిన్న స్టీలు డబ్బా: రెండు రొట్టె ముక్కలు, పెంకు తీయని ఒక గుడ్డు, కాగితం పొట్లంలో చిటికెడు ఉప్పు.