మాస్టారి ఇస్త్రీ

నేను ఒక ఇస్త్రీ పెట్టెను. బల్ల మీద దర్జాగా కూర్చునే బరువైన రకం కాదు. పిడి మడిచి సంచిలో పడేసుకునే బుల్లి రకం. ఇంత చిన్నదాన్ని ఒక కొత్త కాపురంలో చిచ్చు పెట్టానంటే మీరు నమ్మరు. కానీ పెట్టాను. దాన్ని ఆర్పిందీ నేనే లెండి.

నేను పుట్టిన ఫ్యాక్టరీలో నా అడుగుభాగాన్ని అద్దంలా నున్నగా చేసి, కడుపులో తీగచుట్ట అమర్చి, పనిచేస్తున్నానో లేదో చూడడానికి ఒక్కసారి కరెంటు ఇచ్చారు. ఒళ్ళంతా హాయిగా వెచ్చబడింది. ఆహా, బతుకంటే ఇదే అనుకునేలోగా అట్టపెట్టెలో పెట్టి మూత అంటించేశారు.

విజయనగరంలో ఒకాయన నన్ను కొని మేనకోడలి పెళ్ళికి చదివించాడు. వాళ్ళింట్లో అప్పటికే ఇస్త్రీ పెట్టె ఉంది. అందుకని నాకు కొత్త రంగు కాగితం చుట్టి ఇంకో పెళ్ళికి పంపారు. అక్కడా అదే గతి. మనుషులకు ఇదొక సరదా: తమకు అక్కర్లేనిది ఎదుటివాళ్ళకు తప్పకుండా పనికొస్తుందని గట్టి నమ్మకం. ప్రతి పెళ్ళిలోనూ నా మీద నాలుగు అక్షింతలు పడేవి, ఫోటోలో నా మూల ఒకటి పడేది. ఒక్క చొక్కా మడత మాత్రం నా చేతికి దక్కలేదు.

మూడో పెళ్ళి యామినికీ సోమసుందర్‌కీ జరిగింది. కానుకలన్నీ విప్పుతూ ఆమె నన్ను చూసి, "బావా, ఎంత ముద్దుగా ఉందో చూడు! దీనికి చంటిపిల్లలా మడత కాళ్ళున్నాయి!" అని నన్ను బుగ్గకు ఆనించుకుంది. కాళ్ళు కాదు, పిడి. అయినా ఆ క్షణం నుంచీ నేను ఆమె పక్షమే.

యామిని బీఈడీ చదివింది. ఒక ప్రైవేటు స్కూల్లో పనిచేసేది కానీ, ఎవరు సెలవు పెడితే వాళ్ళ క్లాసుకు ఆమెను పంపేవారు. ఇవాళ లెక్కలు, రేపు డ్రిల్లు. వీళ్ళు నా పిల్లలు అని చెప్పుకోవడానికి ఒక్క క్లాసు లేదు. ఇండోనేషియాలో ఒక చిన్న దీవిలోని బడికి, కొన్ని వారాలు ఇంగ్లీషు చెప్పేవాళ్ళు కావాలని ఆమె ఇంటర్నెట్‌లో చూసింది. జీతం ఉండదు, గదీ భోజనమూ బడివాళ్ళవి. భాష మార్చి చూపే ఫోను సాయంతో, ఇద్దరమూ వచ్చి చెప్తామని హెడ్‌మిస్ట్రెస్ మార్తా గారితో తనే మాట్లాడింది. ఆ తర్వాత పడవల్లోనూ, లారీకి బెంచీలు బిగించిన లారీ బస్సుల్లోనూ తిరిగి, రంగులు మారే చెరువులున్న అగ్నిపర్వతం చూసి రావాలని ప్లాను.

ట్రావెల్ ఏజెంటు తెచ్చిన ప్యాకేజీ కాగితం సోమసుందర్ తల్లి చేతిలో విసనకర్ర అయింది.

"హనీమూనుకెళ్ళి ఏబీసీడీలు చెప్తారేటర్రా? నవ్విపోతారు జనం!" అందావిడ.

"ఏజెంటుతో వెళ్తే ఏడింటికి లేపి బస్సెక్కిస్తాడు అత్తయ్యా," అంది యామిని. "మాదైతే మా ఇష్టం. దారి తప్పినా ఇద్దరం కలిసే తప్పుతాం."

"ఆ, ఆ ముక్క మాత్రం నిజం. మావాడు రైల్వే స్టేషన్లోనే తప్పిపోగలడు."

ఇద్దరూ నేల మీద మ్యాపు పరిచి, మరమరాలు నములుతూ వేళ్ళతో సముద్రాలు దాటేవారు. సోమసుందర్ బ్యాంకు ఉద్యోగి, మడత నలగని చొక్కా మనిషి. విమానానికి సంచుల బరువు తగ్గించాల్సి వస్తే తన బూట్లు తీసేశాడు గాని నన్ను తీయలేదు. ఫోనులో నాలుగు ముక్కల భాష కూడా నేర్చుకున్నాడు.

"యామీ, విను! వాళ్ళు గురువును గురు అనే అంటారు. భాషను బహాస అంటారు. పేరు అంటే నామ! సగం తెలుగే వాళ్ళది. 'సాయా మావు' అంటే నాకు కావాలి అని. దాని పక్కన మన మాట తగిలిస్తే సరి, పని జరిగిపోతుంది."

ఆ నమ్మకమే కొంప ముంచింది.

దీవికి చేరేసరికి సాయంత్రమైంది. మార్తా గారు లావుపాటి ఆవిడ, నవ్వితే భుజాలు కూడా నవ్వుతాయి. అక్కడ పెద్ద ఆడవాళ్ళను ఇబు అంటారు, అమ్మ అన్నట్టు. మగవాళ్ళను పాక్ అంటారు, మాస్టారైతే పాక్ గురు. ఇబు మార్తా బడి వెనక గది చూపించి, పొద్దున్నే బడి ప్రార్థనలో ఊరందరికీ వాళ్ళిద్దరినీ కొత్త మాస్టార్లుగా పరిచయం చేస్తానని సైగలతో చెప్పింది.

సోమసుందర్ చొక్కా తీసి చూస్తే నలిగి అప్పడమైంది. నన్ను తీశాడు. నాది మూడు కాళ్ళ ప్లగ్గు, గోడకున్నవి రెండు గుండ్రటి కన్నాలు. "ప్చ్, ఎందుకూ పనికిరాకుండా పోయావే," అని నన్ను సంచిలో పడేసి బయటికి వెళ్ళాడు. నన్ను చేతిలో పట్టుకుని వెళ్ళి ఉంటే ఈ కథే లేదు.

మూత తెరిచిన సంచిలోంచి నాకు అంతా కనిపిస్తూనే ఉంది. వరండాలో ఇబు మార్తా, ఊరి ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. యామిని వాళ్ళ మధ్యన అరటిపండు తింటోంది. సోమసుందర్ నిండుగా నవ్వి, "ఇబూ! సాయా మావు ఇస్త్రీ!" అన్నాడు.

ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అర్థం కాలేదేమోనని మా మాస్టారు ఇంకాస్త గట్టిగా, చేతులు కూడా తిప్పుతూ వివరించాడు: పొద్దున్నే కావాలి, సాయంత్రానికల్లా తిరిగి ఇచ్చేస్తాను.

ఇబు లేచి నిలబడింది. యామినిని చూపించి, "దిస్?" అంది.

"యామినికి కాదు, నాకు!" అన్నాడు సోమసుందర్.

ఏదో తేడా కొడుతోందని గ్రహించి, మంచి మర్యాదస్తులమని చూపించడానికి ఫోనులో పెళ్ళి ఫోటో తెరిచి చూపించాడు. దండలు, తలంబ్రాలు, ఆమె పక్కన తను. ఇబు ఫోటో చూసింది, అతన్ని చూసింది, యామిని చేయి పట్టుకుని లేవదీసింది. "నో క్లాస్," అంది. "పాక్, టుమారో, బోట్."

ఊళ్ళో ఫోనుకు సిగ్నల్ లేదు. భాష మార్చి చూపే ఫోను విద్యలన్నీ రేవు దాటాక ఆగిపోయాయి. యామిని వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ ఇబు ఇంటికి వెళ్ళిపోయింది. ఆ తిరిగి చూడడంలో భర్త ఒక్కడే లేడు, పొద్దున తను నిలబడాల్సిన నల్లబల్ల కూడా ఉంది. సోమసుందర్ మంచం అంచున కూర్చుని, "ఏటన్నానని? ఇస్త్రీయే కదా అడిగాను," అని గోడతో చెప్పుకున్నాడు. ఆఖరికి చొక్కాను పరుపు కింద పరిచి దాని మీదే పడుకున్నాడు.

పొద్దున ఇబు వంటింట్లో జరిగింది తర్వాత యామిని చెప్పగా విన్నాను. ఇబు జాలిగా వేడి బజ్జీలు పెట్టి, గోడ మీది తన పెళ్ళి ఫోటో చూపించింది. ఫోటోలో భర్త మీద వేలు పెట్టి, "సువామి," అంది. తన మీద పెట్టుకుని, "ఇస్త్రీ," అంది. తర్వాత యామిని మీద వేలు పెట్టి, "పాక్ సోమ్... ఇస్త్రీ." మళ్ళీ గాల్లోకి ఇంకో వేలు ఎత్తి, తల అడ్డంగా తిప్పి నిట్టూర్చింది.

సువామి, స్వామి. ఇస్త్రీ, స్త్రీ. బజ్జీ యామిని నోట్లోనే ఆగిపోయింది. కొత్త పెళ్ళాన్ని పక్కన పెట్టుకుని, ఆమె ఎదురుగానే, తన మొగుడు హెడ్‌మిస్ట్రెస్‌ను ఒక పూటకు అరువు పెళ్ళాన్ని అడిగాడు! సాయంత్రం తిరిగిచ్చేస్తానన్నాడు కూడా!

నేనూ సోమసుందరూ అప్పటికే రేవులో ఉన్నాం. పడవవాడు తాడు విప్పుతున్నాడు. యామిని చెప్పులు చేత్తో పట్టుకుని ఇసుకలో పరుగెత్తుకొచ్చింది. వెనక ఇబు, ఆమె వెనక సగం ఊరు.

"బావా, ఆగు! సంచి ఇలా తే!"

బట్టలన్నీ ఒడ్డున పారబోసి నన్ను బయటికి లాగింది. అందరికీ కనిపించేలా పైకెత్తి, "ఇబూ! ఇస్త్రీ! ఇండియా ఇస్త్రీ!" అని అరిచింది. అర్థం కాలేదని చూసి, నలిగిన చొక్కాతో నిలబడ్డ మొగుడి గుండెల మీద నన్ను అటూ ఇటూ రాసింది. నేను చల్లగానే ఉన్నాను గాని, అతని గుండె మాత్రం దడదడలాడుతోంది.

ఇబు నన్ను చూసింది. అతన్ని చూసింది. "సెత్రికా?" అంది నెమ్మదిగా. అక్కడ నన్ను అలా పిలుస్తారట. మరుక్షణం ఆమె భుజాలు కదలడం మొదలుపెట్టాయి. నవ్వి నవ్వి ఇసుకలో కూర్చుండిపోయింది. పడవవాడు నవ్వు ఆపుకోలేక తాడు వదిలేశాడు, పడవ ఎవరూ లేకుండానే బయల్దేరింది.

"ఛీ, నువ్వూ నీ సగం తెలుగూనూ!" అని యామిని మొగుడి చెవి మెలేసింది.

"నేను నేర్చుకున్నంతలో అది బానే చెప్పాను కదే!"

"బానే చెప్పావు. అదే కదా గొడవ."

ఇబు లేచి ఇసుక దులుపుకుని, యామిని చేయి పట్టుకుని తిన్నగా బడికి తీసుకెళ్ళింది. తలుపు తీసి, బెంచీల నిండా ఉన్న పిల్లలను చూపించి, "యువర్ క్లాస్," అంది. యామిని నన్ను బల్ల మీద పెట్టి, సుద్దముక్క తీసుకుని, మొదటి మాట రాసింది: ఐరన్. పిల్లలంతా కోరస్‌గా చదివారు. ఆమె కళ్ళు తుడుచుకున్నది సుద్దపొడి వల్లనే అని మనం అనుకుందాం.

నా ప్లగ్గు మార్చారు. ఇన్నాళ్ళకు ఒళ్ళు మళ్ళీ వెచ్చబడింది! సోమసుందర్ చొక్కాలు, యామిని నేత చీరలు, ఆదివారం వచ్చిందంటే ఇబు లంగా జాకెట్లూ నా కిందకే వచ్చేవి. యామిని మాత్రం నాకు కొత్త పేరు పెట్టింది. "ఏమే సవతీ, వేడెక్కావా?" అనేది ప్రతి ఉదయం.

క్లాసులు అయిపోయి అగ్నిపర్వతానికి బయల్దేరే రోజున, కొండెక్కాలి గనక సంచి తేలిక చేసుకోవలసి వచ్చింది. పిల్లలు నన్ను అడిగారు. యామిని నా పిడి మడిచి, ఫ్యాక్టరీలో నున్నగా చేసిన నా అడుగును కొంగుతో తుడిచి, "నా క్లాసును చూస్తూ ఉండు సవతీ," అంది. సోమసుందర్ లారీ బస్సు ఎక్కుతూ చేయి ఊపాడు. అతని చొక్కా అప్పటికే నలిగిపోయింది, అతనికి పట్టలేదు.

ఇప్పుడు నేను బడిలో అద్దాల బీరువాలో, గ్లోబుకూ గవ్వలకూ మధ్య ఉంటున్నాను. నా ముందు పిల్లలు రాసిపెట్టిన అట్టముక్క ఉంది: ఇస్త్రీ పాక్ గురు. అంటే, మాస్టారి భార్య. కొత్తగా వచ్చినవాళ్ళు అది చదివి, నన్ను చూసి తెల్లబోతారు. అప్పుడు ఇబు భుజాలు కదలడం మొదలవుతుంది.

మూడు పెళ్ళిళ్ళకు కానుకగా వెళ్ళాను. ఇంత దూరం వచ్చి, ఆఖరికి పెళ్ళికూతురినయ్యాను.