కోయని పాము

పొద్దున్నించి గుడి గోడలో ఒకప్పుడు మా అన్న పేరు ఉన్న చోట పడ్డ గుంట ఆకలి అంటోంది. నా రొట్టె సగం తుంచి ఆ గుంటలో పెడుతున్నాను. నమలలేక కక్కేస్తోంది. పేరు పోయిన చచ్చినవాడికి తిండి దిగదు.

మా అన్న హెను ఈ గోడ మీద కానుకలు మోసేవాళ్ల వరుస చెక్కాడు. చివర్న రాజును కూడా వాళ్లంత ఎత్తే చెక్కాడు. రాజంటే మూడింతలుండాలి. ఆ తప్పుకి అన్నను చంపించి, ఆ బొమ్మనూ అన్న పేరునూ గోడ మీంచి చెరిపించారు. చెరిపించింది నా చేతే. ఆ రోజు నుంచి నాకు కడుపు మండుతూనే ఉంది.

ఇప్పుడు పిరమిడ్ లోపల, రాజును పెట్టబోయే గదిలో మంత్రాలు చెక్కుతున్నాను. మా రాతలో పాము ఆకారం కూడా ఒక అక్షరం. అది లేచి రాజును కరవకుండా ప్రతి పామునూ నడిమికి కోసి చెక్కడం మా పద్ధతి. ఇవాళ ఒకదాన్ని కోయడం లేదు.

సాబు అని మా మేస్త్రీ, దాని మీద వేలు పెట్టి చూస్తున్నాడు.

"ఒరేయ్ ఇపీ, దీనికి కోత ఏదిరా?"

"నిద్రపోతోంది మేస్త్రీ. లేచాక కోస్తా."

"సరే, మర్చిపోకు," అని వెళ్లిపోతాడు.

మధ్యాహ్నం రాజు కొలత చూసుకోవడానికి వచ్చి రాతిపెట్టెలో పడుకుంటాడు. కాళ్ల దగ్గర మూరెడు ఖాళీ.

"పెట్టె పెరిగిందేమిటి?"

"పెట్టె అంతే ఉంది. ఏలినవారే తగ్గుతున్నారు."

పాము అప్పటికే గోడ దిగింది. ఆయన్ని కరవదు. గోడ గోడకీ ఆయన పేరు వెతికి మింగుతుంది. ఒక్కో పేరుకి రాజు కాస్త పొట్టివాడవుతాడు. చివరి పేరు కూడా మింగి, గుడికి పాకి, గుంటలో చుట్టచుట్టుకుని మా అన్న పేరుగా మారుతుంది.

రాజు నా వెనకే గుడికి వస్తాడు. రాజని ఎరగక ఎవరో ఆయన నెత్తిన రొట్టెల బుట్ట పెట్టారు. వరుస చివర చెరిపిన బొమ్మ చోటు ఖాళీగా ఉంది.

"ఇక్కడ నిలబడనా?"

"నిలబడండి. బుట్ట దించకండి."

ఎత్తు సరిగ్గా సరిపోయింది. అన్న కొలత తప్పలేదు.

ఆయన రాయిలోకి ఇంకగానే ఉలి తీసి నడుము దగ్గర అడ్డంగా కోస్తున్నాను. ప్రమాదకరమైనవాటిని కోయడం మా పద్ధతి. తొందరపడటం లేదు. చాలా హాయిగా ఉంది.

కింది సగం నడుచుకుంటూ గుంట దగ్గరికి ముందే చేరుతుంది. అన్నది ఎన్నాళ్ల ఆకలో, రొట్టె వచ్చేదాకా ఆగడం లేదు. పై సగం బుట్ట మోస్తూ, తన మోకాళ్లు నమిలే చప్పుడు వింటూ, వరుసలో తన వంతు కోసం చూస్తోంది.