క్యాబేజీ చేనుకు రాసుకున్న కాగితం

ఆ వేసవి మొదట్లో మా ఫిల్‌గ్యు చేతిలో ఉన్నవి ఒక పాత లారీ, అప్పు కట్టగా మిగిలిన అరవై లక్షల కొరియా వాన్ల డబ్బు, కొండ మీద పొంగ్‌న్యే అక్క పండించే క్యాబేజీ చేను మీద బేరం. కోతకు ముందే చేను మొత్తం గుత్తకు కొని రాజధాని సియోల్ మార్కెట్లో అమ్ముకోవడం అతని వ్యాపారం.

పదిహేనేళ్లుగా అక్కతో బేరమంతా నోటిమాటే. ధర పెరిగితే అతను కొంత కలిపి ఇచ్చేవాడు, పడితే ఆమె కొంత వదులుకునేది. కానీ కిందటేడు వేరే ఊరి రైతులిద్దరు ధర పెరగగానే మాట తప్పారు. ఆ దెబ్బ తిన్నాక ఈసారి ఒక చిన్న కాగితం రాసుకొచ్చాడు. చేనుకు అరవై లక్షలు, అందులో బయానా పది. రైతు తప్పితే బయానాకు రెట్టింపు కట్టాలి, కొన్నవాడు తప్పితే బయానా వదులుకోవాలి.

"నా మీద కూడానా అనుమానం?" అంది అక్క, క్యాబేజీతో పెట్టిన కిమ్చి పచ్చడి గిన్నె అతని ముందుకు తోస్తూ.

"అనుమానం కాదక్కా. అందరితో ఇదే పద్ధతి పెట్టుకున్నా."

"నన్నూ అందరిలో కలిపేశావన్నమాట. సరే, వేలు ఎక్కడ వెయ్యాలి?"

"చదవవా?"

"చదివితే నేనూ నిన్ను అనుమానించినట్టేగా."

ఎర్ర సిరాలో వేలు ముంచి ముద్ర వేసింది.

కోత నాటికి ధర కుప్పకూలింది. మార్కెట్లో వచ్చేది కూలీకీ లారీ డీజిలుకీ మాత్రమే సరి. కోస్తే అక్కకు ఇంకా యాభై లక్షలివ్వాలి, వదిలేస్తే పోయేది బయానాయే. లెక్క తేలాక ఫిల్‌గ్యు ఒక్కడే కొండెక్కాడు.

కోతకు వస్తారనుకున్న కూలీలందరికీ అక్క వంట చేసి ఉంచింది. "మనుషులేరి?" అని అడిగింది.

"ఈసారి కోయించట్లేదక్కా. బయానా నువ్వే ఉంచుకో."

ఆమె చేను వైపు చూసింది. "నాకు చలికాలం గడవాలి కదరా. సగానికైనా తీసుకో. మనం ఎప్పుడూ చేసేదేగా."

"కాగితంలో అలా లేదక్కా."

"అవును, లేదు." అక్క లేచి ఒక పళ్లెంలో అన్నం వడ్డించింది. "తిని వెళ్లండి, వ్యాపారిగారూ. చాలా దూరం వచ్చారు."

అతను తినలేకపోయాడు. మర్నాడు ఆమె ట్రాక్టరు పెట్టించి కోయని పంటతో సహా చేనంతా దున్నించేసింది.

ఆ ఏడు గుత్తదారులు చాలామంది మునిగారు. ఫిల్‌గ్యు యాభై లక్షలతో బయటపడ్డాడు. ఆ డబ్బు అలాగే ఉంది. కొండెక్కితే "తిన్నావురా?" అని అక్కలా అడిగే మనిషి మాత్రం అతనికి ఇక మిగల్లేదు.