నిరావరణ నాటకశాలలో మఱచిన వాక్యము

శరదృతువు కడముట్టి హేమంతము తొలియడుగు వేయుచున్న యొకనాటి సాయంకాలమున సముద్రముమీదినుండి వీచు చలిగాలి లంగరువేసిన నావల కొయ్యస్తంభములను మెల్లగా నూచుచు కాకినాడ జగన్నాథపురపు వీథులలోనికి చొరబడుచుండగా, పూర్వము ధాన్యపుకొట్టుగా నుండి నలువదియేండ్లుగా నాటకశాలయై విలసిల్లుచున్న యొక విశాలమందిరమునకు జనులు గుంపులుగుంపులుగా వచ్చుచుండిరి. ఆ మందిరమునకు నిరావరణ నాటకశాల యని పేరు.

అచ్చట నొక వింత యాచారము గలదు. అధ్యక్షపీఠ మెక్కిన ప్రతి దర్శకుడును తన యేలుబడి మొదలుపెట్టునపుడు రంగస్థలమునుండి దేనినో యొకదానిని శాశ్వతముగా విసర్జింపవలయును. సంస్థాపకుడగు భీమశంకరముగారు నటుడు ప్రేక్షకుని కన్నుగప్పరాదని తెరను విసర్జించిరి. నాటకమనగా రంగురంగుల తెరయే యని నమ్మిన పురజనులు మొదటియేడు ముక్కున వేలిడుకొని మఱుసటియేడు చోటుకొఱకు త్రోపులాడుకొనిరి. ఆయన పిదప వచ్చిన సీతాపతిరాజుగారు హార్మోనియమును రాగాలాపనను వెడలగొట్టి, ఒక్క పద్యమును వన్సుమోరుమీద వన్సుమోరు కొట్టి పాడించుకొను రసికశిఖామణుల నోళ్లు మూయించిరి. మూడవవాడగు చిన్మయమూర్తి వచ్చునప్పటికి పాపము విసర్జించుటకు మిగిలినది మిక్కిలి తక్కువ. ఆతడు పది దినములు ఆ బోసిరంగమునంతయు గాలించి గాలించి కడకు పక్కనుండి మాటలందించు ప్రాంప్టరును తొలగించితినని ప్రకటించెను. నటవర్గమెల్ల కరతాళధ్వనులు చేసెను. వారిలో నొక నటియగు మంగతాయారును చేసెను గాని ప్రాంప్టరు నిలుచు మూలనుండి చూపు త్రిప్పుకొనలేకపోయెను.

పదునెనిమిదవయేట భీమశంకరముగారి యొద్ద చేరి యేబదియెనిమిదవయేటివఱకు ఆ రంగముననే బ్రతికిన మంగతాయారునకు రెండేండ్లనుండి జ్ఞాపకశక్తి సన్నగిల్లుచుండెను. ఆ సంగతి యెఱిగినవాడు ప్రాంప్టరొక్కడే. వాక్యము మఱచిన నటుడు మఱునాడే రంగము విడువవలయునని సంస్థాపకుడు వ్రాసియుంచిన నియమమును ఇంతవఱకు నెవ్వరును మీఱలేదు. రంగము విడిచినపిదప తెల్లవాఱిన లేచి యేమిచేయవలయునో యామెకు నిజముగా తెలియదు. అందుచేత నెవ్వరికిని చెప్పక యానాటి ప్రదర్శనమునకు వచ్చెను.

నాటకమున నామెది రాజసభకు ఈడ్చుకొనిరాబడిన పడవనడుపు స్త్రీ వేషము. ఏటికి ఆవలిగట్టే లేదని శాసించిన రాజు ఆమెను జూచి యిట్లడుగును: "ఆవలిగట్టు కలదని నీ వెట్లెఱుగుదువు?"

ఆ ప్రశ్న వినబడినంతనే మంగతాయారు మనస్సు తుడిచిపెట్టినట్లు శూన్యమయ్యెను. అలవాటుచొప్పున నామె కన్నులు పక్కకు మఱలెను. అచ్చట నెవ్వరును లేరు. తెరయున్నచో దిగియుండును, హార్మోనియమున్నచో నేదో రాగమున నామెను కప్పియుండును. ఒక్కొక్కటిగా వానిని పాఱవేసినపుడెల్ల సంతోషించి చప్పట్లు కొట్టినవారిలో తానును ఒకతె. రాజవేషధారి మరల ప్రశ్నించెను. ఆమెకు పలుకు రాలేదు. నేలపై కూలబడి కన్నీరు కార్చెను. రాజు చేయునది లేక తన తరువాతి మాట నెత్తుకొనెను. ఊపిరి బిగబట్టియున్న సభ యంతయు ఒక్కుమ్మడి చప్పట్లతో మాఱుమ్రోగెను.

మఱునాటి యుదయమున చిన్మయమూర్తి పత్రికను చేతబూని యామె యింటికి వచ్చెను. అధికారమునకు మౌనమే తగిన ప్రత్యుత్తరమని యొక విమర్శకు డందు రెండు నిలువువరుసలు వ్రాసియుండెను.

"ఆ మౌనం నేను పదేళ్లు ఆలోచించినా నాకు తట్టేది కాదమ్మా. ఇవాళా అక్కడే ఆగండి. నిన్న ఎంతసేపు ఆగారో అంతసేపూ ఆగండి."

"అది మౌనం కాదు బాబూ. మర్చిపోయాను. రెండేళ్లనించీ మర్చిపోతూనే ఉన్నాను."

చిన్మయమూర్తి ముఖము వెలవెలబోయెను. పత్రికను మడచుచు తలయెత్తకయే పలికెను.

"ఈ మాట మీరు చెప్పలేదు, నేను వినలేదు. ఆగితే మీరు ఇక్కడే ఉంటారు. బయటపడితే పెద్దాయన పెట్టిన నియమం నేను కూడా తప్పించలేను."

"సరే బాబూ," అనెను మంగతాయారు. ఆమెకు సిగ్గు కలిగెను. సిగ్గుకంటె నెక్కువగా ప్రాణము కుదుటపడెను.

ఆనాటి సాయంకాలము నాటకశాల క్రిక్కిఱిసెను. అందఱును ఆ మౌనమును చూడవచ్చినవారే. రాజు ప్రశ్న వేసెను. ముందటినాడెంత వెదకినను దొరకని వాక్యము, ఏమి చిత్రమో కాని, పిలువకయే వచ్చి యామె నాలుకపై నిలిచెను. మంగతాయారు పండ్లు బిగించెను. వెనుకగోడ యొద్ద నిలిచిన చిన్మయమూర్తి ఆగుమని కన్నులతో వేడుకొనుచుండెను. మ్రింగినయెడల రంగము దక్కును. పలికినయెడల నిన్నటిది మఱపేయని లోకమెల్ల నెఱుగును. మఱచినవారికి నియమము కలదు సరే, నోటికి వచ్చినదానిని దిగమ్రింగి యదియే నటన యని నమ్మించువారి నేమనవలయునని యామె తన్ను తానే యడుగుకొనెను. తల యెత్తి సభ నలుమూలల వినబడునట్లు పలికెను.

"ఆవలిగట్టు కలదని నేను చూచి చెప్పలేదు మహారాజా. పడవ నడిపి చెప్పితిని."

ఒక్క చప్పటయినను వినబడలేదు. వెనుకవరుసలో నొకడు పక్కవానితో, "అదేంటండీ, ఇక్కడ ఆగిపోద్దన్నారు?" అనుట రంగమువఱకు వినవచ్చెను. చిన్మయమూర్తి తల వాల్చెను. రేపటినుండి యీ నేల తనది కాదని మంగతాయారు గ్రహించెను, దుఃఖించెను. అయినను అందించువాడు లేక, కప్పునది లేక, ఒక వాక్యమును మొదలునుండి తుదివఱకు తనంతట తాను పలికిన సంతోషము ఆమె యొడలెల్ల నిండెను.

రాజు రెండవ ప్రశ్న వేసెను. ఆమె దానికిని బదులు చెప్పెను.