పక్కకు తిరిగి పడుకుని చదివినప్పుడు

పరీక్షకని నా చేతికొచ్చిన రెండో ఈ-బుక్ రీడర్‌లో తెర మీది గీతలు వంగుతున్నాయని నేను రాసి ఇచ్చిన నాలుగో రోజున, మూడో పరికరంలోనూ అవి వంగాయి. అదే చోట. మధ్యనున్న చుక్కకు కాస్త కింద, బఠాణీ గింజంత మేర. రెండూ వేరువేరు కంపెనీలవి. ఒకటి ఆరంగుళాల నలుపు తెలుపు రీడర్, రెండోది కాగితంలా కనపడే కొత్త రకం రంగుల తెర ఉన్న టాబ్లెట్. రెండింటికీ ఒకే చోట ఒకే జబ్బు ఎలా వస్తుందని నన్ను నేను అడుక్కోలేదు. టాబ్లెట్‌ని బోర్లించి పక్కన పెట్టి, లేచి వెళ్లి ఆరిన బట్టలు మడతపెట్టాను.

ఈ పని నాకు మా మరిది వల్ల వచ్చింది. తక్కువ ధరలో దొరికే రీడర్లు, టాబ్లెట్ల గురించి అతను ఒక మాసపత్రికలో రాస్తాడు. మీటలు నొక్కడం, బ్యాటరీ ఎన్నాళ్లు ఆగుతుందో చూడడం అతని వంతు. చదవడం మాత్రం అతని వల్ల కాదు. "పది పేజీలకే నిద్రొస్తుంది వదినా, నేను రాసేవాణ్ణే గానీ చదివేవాణ్ణి కాదు" అంటాడు. అందుకని చదవడం నా వంతైంది.

ఏ పరికరం వచ్చినా నా పద్ధతి ఒకటే. అవే ఇరవై పేజీలు కిటికీ దగ్గర ఎండలో, వంటింట్లో తడిచేత్తో, సోఫాలో, చివరికి మంచం మీద కుడివైపు తిరిగి పడుకుని చదువుతాను. పేజీ మారాక పాత అక్షరాల నీడ ఎంతసేపు మిగులుతోందో మనసులో లెక్కపెట్టి రాస్తాను. ఆఖరున గళ్ల బొమ్మ పెడతాను. తెల్లటి తెర మీద నిలువు గీతలు, అడ్డగీతలు, నడుమ ఒక చుక్క. చూపు చుక్క మీద నిలిపితే, తెరలో ఎక్కడ లోపమున్నా ఆ గీతలు పట్టిస్తాయి.

ఆరంగుళాల రీడర్ గురించి నేను రాసిందిది: "కూర్చుని చదివితే ఏ లోపమూ లేదు. పక్కకు వాల్చి పట్టుకుని పడుకుని చదివితే మధ్యలో గీతలు వంగుతున్నాయి. లోపలి పొర ఏదో సరిగా అంటుకోక, వాలినప్పుడు జారుతోందేమో."

మరిది మురిసిపోయాడు. "ఇలాంటిది నీకు తప్ప ఎవరికీ దొరకదు వదినా. మా ఆఫీసులో ఎవడైనా పడుకుని చూస్తాడా?"

"మీ ఆఫీసులో పడుకునేవాళ్లకు చూసే తీరికెక్కడిది" అన్నారు మా అత్తగారు, కూరగాయల బుట్ట ముందేసుకుని.

లోపం అచ్చేసే ముందు కంపెనీ వాళ్ల మాట అడగడం ఆ పత్రికలో ఆనవాయితీ. మరిది ఆ రోజే తెర ఫోటో తీసి, వాళ్లకు రాసి పంపాడు.

మా అమ్మకు యాభై నాలుగో ఏట చూపు పోయింది. పూర్తిగా చీకటి కాలేదు. అంచులు మిగిలాయి, నడుమ పోయింది. నేనప్పుడు కాలేజీలో ఉన్నాను. గుమ్మంలో నిలబడితే నా చెప్పులు కనపడేవి, మొహం కనపడేది కాదు. "ఎవరూ" అని అడిగేది. అంతకు ముందు ఏడాదంతా ఆమె ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. కళ్లద్దాలకు మరకంటిందని తుడుచుకునేది. తుడిచిన అద్దాలనే మళ్లీ తుడిచేది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేసరికి ఆయన, ముందే వచ్చి ఉంటే ఏదో ఒకటి చేసేవాళ్లమమ్మా అన్నాడు. నాకిప్పుడు యాభై రెండు.

టాబ్లెట్‌ని బోర్లించిన రోజు నుంచి నేను పడుకుని చదవడం మానేశాను. స్నానాల గదిలో గోడ టైల్స్ మధ్య గీతల వైపు చూడకుండా నీళ్లు పోసుకున్నాను. తలుపు అంచు, కిటికీ ఊచలు, మడతపెట్టిన దుప్పటి గళ్లు, ఇంట్లో ఇన్ని తిన్నని గీతలున్నాయని అంతకు ముందు నాకు తెలియదు. ఒక కన్ను మూసి చూస్తే అర నిమిషంలో తేలిపోయే సంగతి. చెయ్యి కంటిదాకా వచ్చేది. జుట్టు సర్దుకున్నట్టు వెనక్కి తీసుకునేదాన్ని.

"ఏమిటమ్మాయ్, నాలుగు రోజులుగా ఆ పలక ముట్టుకోవడం లేదు?" అన్నారు అత్తగారు. టాబ్లెట్‌ని ఆవిడ పలక అనే అంటారు.

"ఛార్జింగ్ అయిపోయిందత్తయ్యా."

"పెట్టుకుంటే ఎక్కుతుందిగా."

పెట్టాను. పెట్టి, తెర గోడవైపు తిప్పాను.

మర్నాడు మరిది ఫోన్ చేశాడు. "వదినా, కంపెనీ నుంచి ఒకమ్మాయి వస్తోంది. తెరల విభాగంలో పనిచేస్తుందట. ఫోటోలో ఏమీ కనపడలేదు, కళ్లారా చూస్తాం అన్నారు. రేపు మధ్యాహ్నం ఉంటావుగా?"

ఉంటానన్నాను. ఫోన్ పెట్టేశాక కూడా ఫోటోలో ఏమీ కనపడలేదన్న మాటే చెవిలో ఉంది. ఆ రీడర్‌లో లోపం ఉండాలని, పాపం ఆ అమ్మాయికి ఉద్యోగంలో చివాట్లు పడినా సరే ఉండాలని, ఆ సాయంత్రమంతా కోరుకున్నాను.

ఆమెకు ముప్పై ఏళ్లుంటాయి. భుజాన బరువైన సంచీ. చెప్పులు విడిచి గుమ్మం పక్కన ఒకదాని పక్కన ఒకటి సరిగ్గా పెట్టింది. మరిది కూడా వచ్చి కూర్చున్నాడు. ఆమె రీడర్‌ని బల్ల మీద నిలబెట్టి చూసింది, పక్కకు వాల్చి చూసింది, భూతద్దంతో చూసింది, అంచుల్ని వేలితో తట్టి విన్నది.

"నాకేమీ కనపడడం లేదమ్మా. మీరు ఎలా చదివారో ఒకసారి చూపిస్తారా?"

"పడుకోవాలి" అన్నాను.

"పడుకోండి."

"పరాయి మనిషి ముందు పడుకోవడమేమిటి" అన్నారు అత్తగారు.

"డాక్టరు ముందు పడుకోరా పెద్దమ్మా? అలాగే అనుకోండి" అంది ఆ అమ్మాయి.

సోఫాలో దిండు వేసుకుని కుడివైపు తిరిగి పడుకున్నాను. గళ్ల బొమ్మ పెట్టిచ్చింది. చుక్క మీద చూపు నిలిపాను. చుక్క కింద గీతలు ఎవరో వేలితో నొక్కినట్టు వంగాయి. వారం కిందటికన్నా ఎక్కువ వంగాయి. బఠాణీ గింజ ఇప్పుడు రేగిపండంత అయింది.

"ఇక్కడ" అని వేలు పెట్టాను.

ఆమె నా వేలు ఉన్నచోటే చిన్న కాగితం ముక్క అంటించింది. రీడర్ తీసుకుని తలకిందులు చేసి మళ్లీ నా చేతికిచ్చింది. ఇప్పుడు కాగితం ముక్క చుక్కకు పైనుంది.

"ఇప్పుడెక్కడ వంగుతున్నాయమ్మా?"

కాగితం ముక్క దగ్గర గీతలు తిన్నగా ఉన్నాయి. చుక్క కిందే వంగి ఉన్నాయి. తెర తిరిగింది, వంకర తిరగలేదు.

"కిందేనా?" అంది మెల్లగా. నేను తలూపాను. ఆమె నా మొహం వైపు, దిండు వైపు చూసింది. దిండులో నా కుడికన్ను మూసుకుపోయి ఉంది. ఎడమకన్ను ఒక్కటే చదువుతోంది.

"ఎడమవైపు తిరిగి పడుకోండమ్మా."

తిరిగాను. గీతలన్నీ తిన్నగా ఉన్నాయి.

"అయితే ఎడమవైపు వాలిస్తే లోపం లేదన్నమాట" అని మరిది తన చేతిలో ఉన్న పుస్తకంలో రాసుకున్నాడు. ఆ అమ్మాయి రీడర్‌ని మూసి ఒళ్లో పెట్టుకుంది.

"సార్, లోపం తెరలో లేదు" అంది. తర్వాత నాతో, "మీ ఎడమకన్ను ఇవాళే చూపించుకోండమ్మా. రేపటిదాకా ఆగకండి. కంపెనీకి ఏం రాయాలో మీరు చెప్పాకే రాస్తాను."

"కళ్లద్దాలు మార్చాలేమో, అంతేగా" అన్నాడు మరిది.

"ఎల్లుండి మంచిరోజు, అప్పుడు వెళ్దురుగాని" అన్నారు అత్తగారు.

ఎల్లుండి అన్న మాట నాకు హాయిగా వినపడింది. రెండు రోజులు. ఆ రెండు రోజులూ ఏమీ తెలియకుండా ఉండొచ్చు. సరేనత్తయ్యా అనబోయాను. అనబోతూ చూస్తే, ముక్కు మీంచి తీసిన కళ్లద్దాలను నా చేతులు చీర కొంగుతో తుడుస్తున్నాయి.

"ఇప్పుడే వెళ్లాలి" అన్నాను. "నాకు వారం నుంచి తెలుసు. టాబ్లెట్‌లోనూ వంగాయి. చెప్పలేదు."

అత్తగారు కూరగాయల కత్తి కింద పెట్టి లేచారు. లోపలికెళ్లి నా సంచీ, మంచినీళ్ల సీసా తెచ్చి మరిది చేతిలో పెట్టారు. "నిలబడ్డావేరా, బండి తియ్యి."

ఆస్పత్రిలో కంట్లో చుక్కలు వేసి గంట కూర్చోబెట్టారు. మా ఆయన మందుల దుకాణం మూసేసి అటునుంచి అటే వచ్చారు. డాక్టరు ఫోటోలు తీసి, కంటి వెనకుండే రెటీనా పొర కింద నీరు ఊరుతోందన్నాడు. కంట్లోకి సూదిమందు ఇవ్వాలన్నాడు. నెలకొకటి, ముందు మూడు.

"వంకర తగ్గుతుందా?" అని అడిగాను.

"పెరగకుండా ఆపడం మొదటి పని. తగ్గితే మన అదృష్టం."

"మా అమ్మకు నడుమ పోయింది."

"ఆవిడ ఎప్పుడొచ్చారు?"

"ఏడాదికి."

"మీరు వారానికే వచ్చారు" అన్నాడు. అంతకుమించి మాట ఇవ్వలేదు.

కన్ను మొద్దుబారే చుక్కలు వేశారు. రెప్పలు మూసుకోకుండా చిన్న తీగ క్లిప్పు బిగించారు. పైకి చూడమన్నారు. మూసుకోవడానికి వీల్లేని కన్నుతో తన మీదికి వచ్చే సూదిని చూడకుండా ఎటు చూడాలో నాకు తెలియలేదు. గుండె చప్పుడు బల్లకు తగులుతోంది. ఒక ఒత్తిడి, అంతే. ఆ వెంటనే కన్నంతా నల్లటి బుడగలు, ఇంకు నీళ్లలో పడినట్టు చుట్టలు తిరుగుతూ. అరిచానట. నాకు గుర్తులేదు. గాలి బుడగలమ్మా, రేపటికి పోతాయి అని నర్సు చెయ్యి పట్టుకుంది.

కట్టు మర్నాడు పొద్దున విప్పుకోమన్నారు. ఇంటికొస్తూ దారిలోనే ఆ అమ్మాయికి ఫోన్ చేసి, రీడర్ బాగుందని, నా నివేదిక తప్పని చెప్పాను. "అది వదిలెయ్యండమ్మా, డాక్టరేమన్నారు?" అని అడిగింది.

పొద్దున ఎనిమిదింటికి పడగ్గదిలో కిటికీ తెరిచి, అందరినీ బయటికి పంపి, మా ఆయన్ను మాత్రం ఎదురుగా నిలబెట్టాను. కట్టు విప్పాను. బుడగలు పోయాయి. కుడికన్ను అరచేత్తో మూసుకున్నాను.

"ఎలా ఉన్నాను?" అన్నారాయన.

చెవులున్నాయి. నుదురుంది, గెడ్డం గీసుకోని చెంపలున్నాయి. ముక్కు నుంచి పెదాలదాకా తడి అద్దంలోంచి చూసినట్టు ఒక పక్కకు జారి ఉంది. నిన్నటికన్నా తగ్గిందో, పెరిగిందో నాకు తేలలేదు. నిన్న ఆయన మొహాన్ని ఇలా చూడలేదు కదా.

"ముక్కు దగ్గర కొంచెం ఒరిగారు" అన్నాను.

"అది పెళ్లినాటికే ఒరిగి ఉంది" అన్నారు. నవ్వబోయి ఆగిపోయారు.

"కదలకండి" అన్నాను. ముక్కు ఎంతవరకు ఒరిగిందో, పెదవి ఏ మూల తెగినట్టుందో కొలుచుకుంటూ, నెల తిరిగాక రెండో సూది వేసే రోజున సరిపోల్చుకోవాలి గనక, ఆయన్ను అక్కడే నిలబెట్టి చాలాసేపు చూశాను.